ఎముకలు ఆడవా, మగవా తేల్చే ముందు

ఏటూరునాగారం అడవిలోనో, పరకాల దిక్కు పాడుబడ్డ బావిలోనో దొరికిన ఎముకలు వరంగల్ మార్చురీ బల్ల మీదికి రాగానే తొందరపడొద్దు.

– ముందు అవి మనిషివేనా చూడండి. పంచనామాతో సరిపోల్చండి.

– కడగకముందే ఫొటోలు. డీఎన్ఏ కోసం పన్ను, తొడ ఎముక విడిగా పెట్టండి.

– కటి ఎముక, అంటే తుంటి ఎముక వెతకండి, అన్నిటికన్నా నమ్మదగింది అదే. దాని వెనకవైపు పెద్ద నొక్కులో బొటనవేలు పెట్టండి: వేలు అటూఇటూ కదిలితే స్త్రీ వైపు మొగ్గు, బిగుతుగా ఉంటే పురుషుడి వైపు. అంచు విరిగి ఉంటే మాత్రం ఈ పరీక్ష నమ్మొద్దు.

– పుర్రె ఒక్కటే దొరికితే ఖరారుగా చెప్పొద్దు.

– యుక్తవయసు రాని పిల్లలవైతే ఆకారం పనికిరాదు, డీఎన్ఏకే పంపండి.

– పక్కన గాజులు, చీర ముక్క దొరికాయని స్త్రీ అని రాసేయొద్దు. తప్పిపోయిన మనిషి కోసం ఇంటివాళ్లు బయట ఎదురుచూస్తుంటారు. అనుమానముంటే ‘తేల్చలేం’ అనే రాయండి.