ఇండిపెండెంట్‌గా అసెంబ్లీకి నిలబడతారా? ముందు ఈ పనులు చూసుకోండి

ఊరికి బస్సు కోసం, హాస్టల్లో సరైన తిండి కోసం, చెరువు శిఖం భూమి కోసం కొట్లాడిన పిల్లలు ఎమ్మెల్యేగా నిలబడతామంటే నాకు ఎంతో సంతోషం. 2023 తెలంగాణ ఎన్నికల్లో నల్లగొండ జిల్లాలో అలాంటి ఒక తమ్ముడికి ఎన్నికల ఏజెంట్‌గా పనిచేశాను. ఇండిపెండెంట్‌గా దిగాలనుకునే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మైకు పట్టుకుని మాట్లాడటం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉద్యమంలో పనిచేసినవాళ్లకు అసలు కష్టం రెండు చోట్ల వస్తుంది. ఒకటి నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ ఆఫీసర్ (ఆర్వో) ఆఫీసులో కాగితాల దగ్గర, రెండోది పోలింగ్ రోజు బూత్‌లో.

నామినేషన్ల పరిశీలన రోజుకు మీకు 25 ఏళ్లు నిండి ఉండాలి. రాష్ట్రంలో ఏ నియోజకవర్గంలో ఓటున్నా పోటీ చేయొచ్చు. ఓటు వేరే చోట ఉంటే అక్కడి ఓటర్ల జాబితా నుంచి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. దాని గురించి టెన్షన్ పడకండి.

ఆలోచించాల్సింది ప్రతిపాదకుల గురించి, అంటే మీ పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టేవాళ్ల గురించి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క సంతకం చాలు. ఇండిపెండెంట్‌కు ఆ నియోజకవర్గం ఓటర్లే పది మంది కావాలి. ఈ నిబంధనకూ మా జిల్లాకూ సంబంధం ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోతున్న మా గోడు ఢిల్లీకి వినపడాలని 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ పెంచారు, ఇండిపెండెంట్లకు పది మంది ప్రతిపాదకులు ఉండాలన్నారు.

ఆ పది సంతకాలూ ఇంట్లోవాళ్లతో, దోస్తులతో పెట్టించి పని అయిందనుకోకండి. పది మందినీ పది ఊళ్ల నుంచి తీసుకోండి. తండా నుంచి ఒకరు, బీడీలు చుట్టే అక్కల్లో ఒకరు, ఆటో అడ్డా నుంచి ఒకరు. రేపు బూత్‌ల పని చూసేదీ వీళ్లే. ఒత్తిడి వస్తే వెనక్కి తగ్గనివాళ్లు కావాలి. వేలిముద్ర వేసే పెద్దమ్మ ఉంటే ఆమెను తప్పకుండా కలుపుకోండి, కానీ ఆ వేలిముద్రను ఆర్వో గానీ అధికారం ఉన్న వేరే అధికారి గానీ ధ్రువీకరించాలి. అందుకని చివరి రోజు దాకా ఆగొద్దు. నామినేషన్లు తీసుకునేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. ఓటర్ల జాబితా సవరించినప్పుడు పార్ట్ నంబర్లు, వరుస నంబర్లు మారిపోతుంటాయి. పది మందివీ తాజా జాబితాలోనే చూసి రాయండి. నామినేషన్ పత్రాలు నాలుగు సెట్ల దాకా వేయొచ్చు కాబట్టి కనీసం రెండు వేయండి.

ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు వివరాలు ప్రమాణం చేసి రాసిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. లేకపోతే 'లేదు' అని, సంబంధం లేకపోతే 'వర్తించదు' అని రాయండి. ఉద్యమాల్లో తిరిగినవాళ్ల మీద రాస్తారోకో కేసులు, ధర్నా కేసులు ఉంటాయి. మరిచిపోయిన పాత కేసు కూడా ఉండొచ్చు, స్టేషన్‌లో, కోర్టులో ముందే వాకబు చేయండి. పెండింగ్ కేసులన్నీ అఫిడవిట్‌లో చూపించాలి, పేపర్లలో, టీవీలో మూడేసి సార్లు ప్రకటన ఇవ్వాలి. ఆ ఖర్చు మీదే. నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చుంటే పెట్టిన కేసు గురించి ఊళ్లో సిగ్గుపడకుండా చెప్పండి.

నామినేషన్ ఇచ్చిన వెంటనే అక్కడే రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేసి, చేసినట్టు కాగితం తీసుకోండి. పరిశీలన రోజు చేస్తానంటే కుదరదు, అంతకు ముందే అయిపోవాలి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. చందాలు ఫోన్‌పేలో వచ్చినా ఆ ఖాతాకే రావాలి. మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. మనం అందులో పదో వంతు కూడా పెట్టలేం, అయినా లెక్క మాత్రం అందరిలాగే రాయాలి. ఒక్కరికి పదివేలు దాటి నగదు ఇవ్వకూడదు. కరపత్రం మీద ప్రింటర్ పేరు, ప్రచురించినవాళ్ల పేరు ఉండాలి.

ఎన్నికల సంఘం ఇచ్చే జాబితా నుంచి మూడు గుర్తులు వరుసగా కోరుకోవచ్చు. చేత్తో పట్టుకుని చూపించగలిగేది అడగండి. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరొచ్చిన శిరీషది ఈల గుర్తు. ఈల ఊదితే చాలు, గుర్తు చెప్పినట్టే. ఆమెకు ఐదు వేలకు పైగా ఓట్లు వచ్చాయి.

ఇక ప్రచారం. మా దగ్గర నవంబర్ అంటే పత్తి ఏరే కాలం. ఆడవాళ్లు పొద్దున్నే ట్రాలీ ఆటోలెక్కి పోతారు, ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. పదకొండు గంటలకు ఊళ్లోకి పోతే రచ్చబండ మీద ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. తెల్లవారకముందే ఆటోలు ఆగే చోటికి పోండి, రాత్రి భోజనాల వేళకు వాడల్లో తిరగండి. మైకు రాత్రి పదికి ఆపేయాలి.

2023 ఎన్నికల్లో తెలంగాణలో 35 వేలకు పైగా బూత్‌లు ఉన్నాయి, అంటే నియోజకవర్గానికి సగటున మూడు వందలు. అన్నింట్లో ఏజెంట్లను పెట్టడం ఇండిపెండెంట్‌కు అయ్యే పని కాదు. మీరు పనిచేసిన ఊళ్ల బూత్‌లు ఎంచుకుని అక్కడ గట్టిగా నిలబడండి. ఓటింగ్ మిషన్ సరిగా పనిచేస్తుందో ఏజెంట్ల ముందు ఉత్తుత్తి ఓట్లు వేసి చూసే మాక్ పోల్, పోలింగ్‌కు గంటన్నర ముందే, అంటే పొద్దున ఐదున్నరకే మొదలవుతుంది. ఏజెంట్ అప్పటికి అక్కడ ఉండాలి. పోలింగ్ అయ్యాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన ఫారం 17సి కాపీ బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర తీసుకునే బయటికి రావాలి. ఎదుటి పార్టీ ఏజెంట్లకు బిర్యానీ పొట్లాలు వస్తుంటే మన పిల్లలు ఖాళీ కడుపుతో కూర్చోకూడదు. వాళ్ల తిండి బాధ్యత ఊరికొక ఇంటికి ముందే అప్పజెప్పండి.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చు లెక్కలు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయాం కదా అని వదిలేస్తే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. ఆ పనితోపాటే ఫారం 20 తెచ్చుకోండి, ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఎక్కువ పడిన ఊళ్ల పేర్లు రాసుకుని ఆ పది మంది ప్రతిపాదకులతో, ఏజెంట్లతో కూర్చోండి. సర్పంచుకు, వార్డు మెంబరుకు 21 ఏళ్లు చాలు. ఏ ఊళ్లో ఎవరు నిలబడాలో అప్పుడే మాట్లాడుకోండి.