బిడ్డల పేరున ఆస్తి రాసిచ్చే ముందు

కడప వైపు దీనికొక సీజన్ ఉంది. కువైట్ నుంచి పెద్దోడు లీవులో వస్తాడు, బెంగళూరు నుంచి చిన్నోడు దిగుతాడు, కూతురూ అల్లుడూ వస్తారు. భోజనాలయ్యాక ఎవరో ఒకరు మాట కదుపుతారు: "నాయనా, అందరం ఉన్నాం కదా, పనిలో పనిగా ఆ మిద్దె, చేను రాసిచ్చేయ్. మళ్లీ ఎప్పుడు కలుస్తామో!" రెండు రోజుల్లో డాక్యుమెంట్ రైటర్ దగ్గర కాగితాలు రెడీ అయిపోతాయి. బిడ్డలు చెడ్డోళ్లని కాదు, ఆ తొందరలో ఏం రాశారో ఎవరూ చదవరు. భయమంతా అక్కడే.

ముందు తేల్చుకోవాల్సింది గిఫ్ట్ డీడా (అంటే దానపత్రమా), వీలునామానా అన్నది. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయి, బిడ్డ పుచ్చుకున్నాడంటే ఆస్తి చేయి దాటినట్టే, మనసు మారిందని వెనక్కి రాదు. వీలునామా మీరు పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. నన్నడిగితే నూటికి తొంభై ఇళ్లలో వీలునామా చాలు.

కాదు, ఇప్పుడే ఇవ్వాలంటారా? అయితే ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరి చేతనైనా గట్టిగా చదివించుకోండి. రైటర్ కంప్యూటర్‌లో ఎప్పటి నుంచో ఉన్న మూస ఒకటే: "నేటి నుంచి సర్వ హక్కులతో నీవే అనుభవించవలెను, ఇందులో నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కు లేదు." ఆ వాక్యంతో మీ ఇంట్లో మీరే అతిథి. దాన్ని మార్పించి రెండు విషయాలు రాయించాలి. ఒకటి, నేనూ నా భార్యా బతికున్నంతకాలం ఈ మిద్దెలోనే ఉంటాం, అద్దెలు మావే అని. రెండు, తిండి, బట్ట, వైద్యం చూడాలన్న షరతు మీదే ఇస్తున్నాను, చూడకపోతే ఈ దానం రద్దవుతుంది అని. "నాకు ఇష్టం లేనప్పుడు రద్దు చేసుకుంటా" అని మాత్రం రాయించకండి, అది చెల్లదు.

ఆ షరతు ఎందుకంత ముఖ్యమంటే, 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ దాని మీదే నిలబడుతుంది. చూస్తానని ఆస్తి తీసుకుని చూడకపోతే ఈ చట్టం కింద ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలంది. అయినా కోర్టు దయ మీద ఆధారపడటం కంటే ఒక లైను రాయించడం తేలిక కదా.

తాతల నాటి చేనైతే మొత్తం ఒక్క కొడుక్కి రాసిచ్చే అధికారం మీకుండదు. హిందూ ఉమ్మడి ఆస్తిలో 2005 సవరణతో కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా ఉంది. "కట్నం ఇచ్చాం కదా" అన్నంత మాత్రాన ఆ వాటా పోదు. ముస్లిం కుటుంబాల్లో సాధారణంగా మిగతా వారసులు ఒప్పుకోకుండా వీలునామాతో ఇవ్వగలిగింది మూడో వంతే.

వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మీ వయసు స్నేహితులను పెట్టకండి. రేపు కోర్టులో వాళ్లలో ఒకరైనా వచ్చి చెప్పాలి, వాళ్లు మీకంటే ముందే పోతే చిక్కే. ఆస్తి అందుకునేవాళ్లు సాక్షులు కాకపోతే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. మంచం పట్టినవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చే ఏర్పాటు ఉంది. బుద్ధి బాగానే ఉందని అదే రోజు డాక్టర్ చేత ఒక సర్టిఫికెట్ రాయించుకుంటే ఆ తర్వాత గొడవలు తగ్గుతాయి.

జీపీఏ, అంటే మీ తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికిచ్చే కాగితం, ఇచ్చి నిశ్చింతగా కూర్చోకండి. మీకు మతి తప్పితే చట్టం దృష్టిలో అదీ ఆగిపోతుంది. బ్యాంకులో నామినీ డబ్బు అందుకునే మనిషే, వారసుడు కాదు. అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది ఇంటి ఆడమనిషి విషయంలో. ఆస్తంతా ఆయన పేరునే ఉండి, ఆయన పోయాక ఆమె ప్రతి రూపాయికీ కోడలి మొహం చూడాలి. కనీసం ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, ఉండే ఇంటి మీద హక్కు ఆమె పేరున రాయండి.

ఆస్తి ఇచ్చేశాక బిడ్డలు చూడకపోతే మొహమాటపడకండి. అరవై దాటినవాళ్లు ఆర్డీఓ దగ్గర లాయరు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. ఆ 2007 చట్టం కింద నెలకు రూ.10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఎలా వెళ్లాలో తెలియకపోతే 14567కి ఫోన్ చేయండి, అది పెద్దల హెల్ప్‌లైన్. వెళ్లేటప్పుడు ఆధార్‌తో పాటు గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ పట్టుకెళ్లండి. ఒరిజినల్ కొడుకు బీరువాలో ఉన్నా కాపీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరుకుతుంది.