సుడోకులో సందేహమూ పనికొస్తుంది
సుడోకులో ఒకే అడ్డు వరుసలోని రెండు గళ్ళలో 4, 7 తప్ప మరే అంకే పట్టదని తేలినప్పుడు, ఏది ఎక్కడో ఊహించి రాయకండి. ఆ రెండంకెలూ ఆ రెండు గళ్ళకే చెందుతాయి కనుక, ఆ వరుసలోని మిగిలిన గళ్ళన్నింటి నుంచీ వాటిని నిశ్చింతగా కొట్టివేయండి, చాలాసార్లు ముడి అక్కడే వీడుతుంది. 1927లో భౌతిక శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ చెప్పిన అనిశ్చితత్వ సూత్రం ప్రకారం ఎలక్ట్రాన్ స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ (ద్రవ్యరాశి, వేగాల లబ్ధాన్నీ) ఒకేసారి పూర్తి కచ్చితత్వంతో తెలుసుకోవడం ప్రకృతిలోనే అసాధ్యం. సుడోకు అంకెకు మాత్రం, పాపం, అలా తప్పించుకునే వీలు లేదు, మనం చూడకముందే దాని గడి ఖాయమై ఉంటుంది. అయితే గళ్ళలో ముందుగా 17 కంటే తక్కువ అంకెలు ఇస్తే ఏకైక సమాధానం ఉండదని 2012లో కంప్యూటర్ గణనతో తేల్చారు కాబట్టి, 16 అంకెలే కనిపిస్తే ముందు అచ్చుతప్పును అనుమానించండి.