అమెరికాలో కుక్క తినకూడనిది తింటే

తిన్నాక కుక్క గెంతులేస్తూనే ఉందని, వాంతి అయితే చూద్దామని ఆగకండి. ద్రాక్ష, కిస్‌మిస్‌లతో కిడ్నీలు దెబ్బతింటే ఆ సంగతి బయటపడేది ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. చిగుళ్లు పాలిపోయి, మూత్రం గోధుమరంగుకు తిరగడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. వాంతి చేయించి కక్కించడం మాత్రం మొదటి రెండు గంటల్లోనే బాగా పనిచేస్తుంది.

ముందు మిగిలింది దాని నోటికి అందకుండా తీసేయండి. డబ్బా పారేయకండి, లేబుల్ కావాలి. ఫోన్ చేస్తే ఏం తింది, ఎంత, ఎన్నింటికి, కుక్క బరువెంత అని అడుగుతారు. బరువు పౌండ్లలో చెప్పండి: కిలోకి 2.2 పౌండ్లు.

రాత్రీపగలూ పలికే నంబర్లు రెండు: జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ వారి యానిమల్ పాయిజన్ కంట్రోల్ 888-426-4435, పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్ 855-764-7661. ఫీజు ఉండొచ్చు, కార్డు దగ్గర పెట్టుకోండి. కేసు నంబర్ ఇస్తే రాసుకుని ఆస్పత్రిలో చెప్పండి. అక్కడి డాక్టర్ నేరుగా వాళ్లతో మాట్లాడతారు. 800-222-1222 అనే పాయిజన్ నంబర్ మనుషుల కోసం. కుక్క తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో కూర్చుని ఫోన్లు చేయకండి, బయల్దేరి దారిలో చేయండి.

ఉప్పునీళ్లు పట్టించి కక్కించొద్దు, ఆ ఉప్పే విషమవుతుంది. పాలు, పెరుగు విరుగుడు కావు. కక్కించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ డాక్టర్ చెబితేనే, అదీ 3 శాతంది, వాళ్లు చెప్పిన కొలతలోనే. పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలకూ, మత్తుగా ఉన్నవాటికీ ఇంట్లో వాంతి చేయించకూడదు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మన వంటింట్లో ఎవరూ అనుమానించనిది చింతపండు. ద్రాక్షలో కుక్కకు పడనిది టార్టారిక్ ఆమ్లమేనని 2021లో ఏఎస్‌పీసీఏ విష నిపుణులు ప్రతిపాదించారు. అది చింతపండులోనూ దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కల కిడ్నీలు పాడైన కేసులూ ఉన్నాయి. కాబట్టి పులిహోర, చారు కలిపిన అన్నం కుక్కకు పెట్టకండి. సాంబారులో ఉల్లి కూడా తోడవుతుంది, ఉడికించినా దాని గుణం పోదు. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి దాటితే ప్రమాదం: 10 కిలోల కుక్కకు ఒక పెద్ద గడ్డ చాలు. ద్రాక్షకైతే ఇంతవరకు ఫరవాలేదనే లెక్కే లేదు. పాయసంలో నాలుగు కిస్‌మిస్‌లు తిన్నా ఫోన్ చేయాల్సిందే.

చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత చెడు. అదే 10 కిలోల కుక్కకు మిల్క్ చాక్లెట్ 100 గ్రాములకు గాని రాని ఇబ్బంది బేకింగ్ చాక్లెట్ 15 గ్రాములకే వస్తుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, కొన్ని పీనట్ బటర్లలో చక్కెర బదులు వాడే జైలిటాల్ ఇంకా వేగం: అంతే బరువున్న కుక్కకు 1 గ్రాముతోనే అరగంటలో షుగర్ పడిపోవచ్చు. లేబుల్ మీద ‘బర్చ్ షుగర్’ అని ఉన్నా అదే.

జంతువుల అర్జెంట్ కేర్ క్లినిక్‌లు చాలావరకు రాత్రికి మూసేస్తారు. 24 గంటల ఎమర్జెన్సీ వెట్ ఎక్కడుందో ఇవాళే చూసిపెట్టుకోండి. అక్కడ ముందు అంచనా బిల్లు చూపించి డిపాజిట్ అడుగుతారు. ఇన్సూరెన్స్ ఉన్నా సాధారణంగా ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే, పెట్టకూడనివాటి జాబితా తెలుగులో రాసి, ఆ రెండు నంబర్లతో ఫ్రిజ్‌కి అంటించండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ముద్ద పెట్టేది వాళ్లే.