టెక్సాస్ చలిలో కరెంటు పోతే ఇంటిని, ఇంట్లోవాళ్ళను కాపాడుకోవడం ఎలా?

కరెంటు కోత మనకు కొత్త కాదు. మన ఊళ్ళో వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే విసనకర్ర తీసుకుని వరండాలో కూర్చునేవాళ్ళం, సాయంత్రానికి వచ్చేది. డల్లాస్‌లోనో ఆస్టిన్‌లోనో నడి చలికాలంలో పోయే కరెంటు వేరు. 2021 ఫిబ్రవరి మధ్యలో వచ్చిన మంచు తుఫానులో డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కి పడిపోయింది. టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. వాళ్ళలో సగానికి పైగా చలికి తట్టుకోలేకే పోయారు.

తుఫాను హెచ్చరిక రాగానే అందరూ బ్రెడ్, పాల కోసం దుకాణాలకు పరుగెత్తుతారు. అవీ కావాలి. కానీ ఇంటికి వచ్చే నీళ్ళను కట్టేసే మెయిన్ వాల్వు ఎక్కడుందో తెలియనివాళ్ళు ముందు ఆ సంగతి చూసుకోవాలి. కరెంటు ఎప్పటికైనా వస్తుంది. పగిలిన పైపు మాత్రం సీలింగ్‌ని కూల్చి, కార్పెట్లు, గోడలు నానబెట్టి నెలల తరబడి పని పెడుతుంది. అందుకే ఈ వ్యాసంలో నీళ్ళ గురించే ఎక్కువ చెబుతాను.

కోత ఎందుకు గంటలో తీరదు?

అమెరికాలో కరెంటు గ్రిడ్లు ప్రధానంగా మూడు: తూర్పుది, పడమటిది, టెక్సాస్‌ది. టెక్సాస్‌లో చాలా భాగాన్ని ఎర్‌కాట్ అనే సంస్థ విడిగా నడుపుతుంది. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోగలిగే కరెంటు చాలా తక్కువ. 2021లో చలికి గ్యాస్ బావులు, పైపులైన్ల పరికరాలు గడ్డకట్టి పవర్ ప్లాంట్లకు గ్యాస్ అందలేదు. గ్యాస్‌ని తోడి పంపే కొన్ని యంత్రాలు కరెంటుతోనే నడుస్తాయి. కోతల్లో వాటికీ కరెంటు పోయేసరికి గ్యాస్ ఇంకా తగ్గింది. గాలిమరలు, బొగ్గు ప్లాంట్లు, ఒక అణు రియాక్టరు కూడా ఆగాయి కానీ దెబ్బ ఎక్కువగా తిన్నది గ్యాసే.

వాడకానికి ఉత్పత్తి చాలక, ఫిబ్రవరి 15 తెల్లవారుజామున గ్రిడ్ ఫ్రీక్వెన్సీ ఉండాల్సిన 60 హెర్ట్జ్ నుంచి 59.3కి జారింది. 59.4 కంటే కింద 9 నిమిషాలు ఉంటే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోవడం మొదలుపెడతాయి. ఆ రాత్రి 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. అలా మొత్తం గ్రిడ్ కూలితే మళ్ళీ నిలబెట్టడానికి వారాలు పట్టేది. ఆ ప్రమాదాన్ని ఆపడానికే అంత పెద్ద కోత పెట్టారు.

వంతులవారీగా తీసి ఇస్తామని చెప్పినా అది కుదరలేదు. ఆసుపత్రులు ఉన్న లైన్లను తీయకూడదు. మిగిలిన లైన్లు ఆ లోటుకు చాలలేదు. దాంతో కొన్ని కాలనీల్లో రెండు మూడు రోజులు చీకటి, పక్క వీధిలో మాత్రం లైట్లు. మీ ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఆసుపత్రి ఉంటే అది మీ అదృష్టం, అంతే.

ఆ తర్వాత ప్లాంట్లను చలికి సిద్ధం చేయాలని చట్టం వచ్చింది. 2022 డిసెంబరు చలికి గ్రిడ్ నిలబడింది కూడా. అయితే గ్రిడ్ బాగున్నంత మాత్రాన మీ వీధిలో కరెంటు ఉంటుందని లేదు. 2023 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లో మంచు బరువుకి చెట్ల కొమ్మలు తీగల మీద విరిగిపడి లక్షన్నరకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అప్పుడు గ్రిడ్‌కి ఏమీ కాలేదు.

1. ఎండ కాసే రోజునే వాల్వు వెతకండి

టెక్సాస్ ఇళ్ళలో మెయిన్ వాల్వు ఎక్కువగా ముందు లాన్‌లో, రోడ్డు అంచున మీటరు బాక్సు దగ్గర ఉంటుంది. మూత స్క్రూడ్రైవర్‌తో లేపాలి. లోపల సగం దాకా మట్టి నిండి ఉంటుంది. సాలీళ్ళు, ఒక్కోసారి కుట్టే ఎర్రచీమలు కూడా ఉంటాయి కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. మట్టి తీస్తే వాల్వు కనబడుతుంది. పిడి పైపు వెంబడే ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకి అడ్డంగా ఉంటే మూసినట్టు. కొన్నింటికి పిడి ఉండదు, మీటరు కీ అనే పొడవాటి టీ ఆకారపు ఇనుప చువ్వ కావాలి. హార్డ్‌వేర్ దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతుంది. తుఫాను వార్త వచ్చాక వెళ్తే అది ఉండే అర ఖాళీగా కనబడుతుంది.

ఒకసారి మూసి, వంటింటి కుళాయి తిప్పి ధార ఆగిందో లేదో చూడండి. వాల్వు బిగుసుకుపోయి ఉంటే ప్లంబర్ తీరిగ్గా దొరికే నవంబరులోనే మార్పించుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎమర్జెన్సీ మెయింటెనెన్స్ నంబరు కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే కాంటాక్టులు పనికిరావు.

2. 'హార్డ్ ఫ్రీజ్' (గట్టిగా గడ్డకట్టే చలి) అని వినగానే

ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపులకు వస్తుందంటే పైపుల మీద దృష్టి పెట్టాలి. ఉత్తరాది రాష్ట్రాల్లో పైపులు లోతుగా పాతి, ఇంటి లోపలి గోడల్లో తీసుకెళ్తారు. ఇక్కడ ఇళ్ళు ఎండను తట్టుకోవడానికి కట్టారు కాబట్టి పైపులు ఆటిక్‌లోంచి (పైకప్పు కింద ఉండే ఖాళీ చోటు), బయటి గోడల్లోంచి పోతాయి.

బయటి కుళాయిలకు గార్డెన్ పైపు తీసేసి, థర్మోకోల్ కవరు పెట్టండి. కవరు దొరక్కపోతే పాత టవల్ చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి టేపు వేయండి. స్ప్రింక్లర్ నీళ్ళు కట్టేసి, లాన్‌లో పైకి కనబడే ఇత్తడి భాగాన్ని దుప్పటితో చుట్టండి.

లోపల, బయటి గోడకు ఆనుకున్న సింకుల కింది తలుపులు తెరిచి పెట్టండి. చిన్నపిల్లలుంటే అక్కడున్న క్లీనర్ డబ్బాలు ముందే తీసేయండి. మెయిన్‌కి దూరంగా ఉన్న కుళాయిలను వేడి, చల్లనీళ్ళు రెండూ సన్నటి ధారగా వదలండి. పైపు పగిలేది చాలాసార్లు మంచు పేరుకున్న చోట కాదు. మంచు గడ్డకీ, మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటి ఒత్తిడికి పగులుతుంది. కుళాయి కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది.

టబ్బులు, బకెట్లు నింపండి, ఫ్లష్‌కి పనికొస్తాయి. తాగడానికి మనిషికి రోజుకు ఒక గ్యాలన్ లెక్కన వేసుకుంటే నలుగురికి నాలుగు రోజులకు 16 గ్యాలన్లు.

3. ఇంట్లో ఉంచుకోవాల్సినవి

అటుకులు, మరమరాలు, పొడులు, ఆవకాయ, వేరుశనగ ఉండలు. పొయ్యి వెలిగించకుండా నాలుగు రోజులు గడిపే ఏర్పాటు మన వంటిళ్ళలో ఎలాగూ ఉంటుంది. కరెంటు ఉండగానే ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు, రసం పోసి పెట్టుకోండి.

ఇండియన్, కొరియన్ దుకాణాల్లో దొరికే చిన్న బ్యూటేన్ స్టవ్ మీద నమ్మకం పెట్టుకోకండి. సున్నా సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి బ్యూటేన్ గ్యాస్‌గా మారదు, డబ్బా నిండా ఉన్నా మంట రాదు. ఆరుబయట వండుకోవాలంటే ప్రొపేన్ స్టవ్ మేలు. అదీ ఆరుబయటే.

ఇంటింటికీ ఇన్వర్టర్ ఉండే మన ఊరి అలవాటు ఇక్కడ లేదు. ఈమధ్య చాలామంది పోర్టబుల్ బ్యాటరీలు కొంటున్నారు. ఒక కిలోవాట్-అవర్ బ్యాటరీకి 1500 వాట్ల హీటర్ తగిలిస్తే 40 నిమిషాలు కూడా రాదు. అదే బ్యాటరీతో 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి ఒక రాత్రి గడిపేస్తుంది. గ్యాస్ హీటింగ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, దాని ఫ్యాను తిరగాలన్నా కరెంటే కావాలి.

4. కరెంటు పోయాక

ఇల్లంతా వెచ్చగా ఉంచాలని చూడకండి. కిటికీలు తక్కువగా ఉన్న ఒక్క గది ఎంచుకుని అందరూ అందులోకి చేరండి. కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు కింద సందులో టవల్ చుట్టి పెట్టండి. క్యాంపింగ్ టెంట్ ఉంటే గదిలోనే వేసి పిల్లల్ని అందులో పడుకోబెట్టండి. వాళ్ళకి ఆటగా ఉంటుంది, వెచ్చగానూ ఉంటుంది. నేల మీద నేరుగా పడుకోవద్దు, కింద కూడా మందంగా పరవాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచండి. "నాకేం చలిగా లేదమ్మా" అంటారు. పెద్ద వయసులో చలి తెలియడం నిజంగానే తగ్గుతుంది. సాక్సులు, మంకీ క్యాప్, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేయించండి. వణుకుతున్న మనిషికి వణుకు ఆగి, మాట ముద్దగా వస్తూ, మగతగా, తికమకగా ఉంటే ఒంటి వేడి ప్రమాదకరంగా తగ్గుతోందన్నమాట. అప్పుడు 911కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కాబట్టి కిటికీ దగ్గర వదలకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి.

ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటల దాకా చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు ఆగుతుంది.

5. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనివి

2021లో ఈ తప్పులకే ఎంతోమంది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పాలయ్యారు. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ గ్రిల్ ఇంట్లోకి తేవద్దు. వెచ్చదనం కోసం గ్యాస్ స్టవ్, ఓవెన్ వెలిగించి కూర్చోవద్దు. గ్యారేజీ తలుపు తీసి ఉన్నా సరే, అందులో కారు ఆన్ చేసి ఫోన్లు చార్జ్ చేయవద్దు. కారుని డ్రైవ్‌వేలోకి తెచ్చి, గ్యారేజీ తలుపు మూసి, పొగగొట్టానికి మంచు అడ్డం లేదని చూసుకున్నాకే ఆన్ చేయండి. జనరేటర్‌ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి.

ఈ వాయువుకి వాసన ఉండదు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే జలుబనుకోకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి. బ్యాటరీతో పనిచేసే డిటెక్టర్ ఒకటి పడక గదుల దగ్గర తప్పనిసరి.

కారు తీయడం గురించి కూడా ఒక మాట. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో మంచు పేరుకున్న హైవే మీద 133 వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. నేల మీది రోడ్డు కంటే ఫ్లైఓవర్లు ముందు గడ్డకడతాయి. న్యూజెర్సీలో పదేళ్ళు మంచులో నడిపిన అనుభవం ఆ గాజులాంటి ఐసు మీద పనిచేయదు.

6. కోత గంటలు దాటి రోజుల్లోకి పోతే

ఇంట్లోనే ఊపిరి వదిలితే పొగ కనబడుతోందంటే కుళాయి ధారను నమ్ముకోవద్దు. ఊరంతా కుళాయిలు వదిలితే నీటి ఒత్తిడి కూడా పడిపోతుంది. 2021లో హ్యూస్టన్ మేయర్ పైపుల కోసం నీళ్ళు వదలొద్దని, ఆసుపత్రులకు, మంటలార్పడానికి అవి కావాలని జనాన్ని కోరాల్సి వచ్చింది.

అప్పుడు చేయాల్సింది ఇది: మెయిన్ వాల్వు కట్టేయండి. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి అన్ని కుళాయిలు, బయటివి కూడా తెరిచి పైపులు ఖాళీ చేయండి. టాయిలెట్లు ఒకసారి ఫ్లష్ చేయండి. ఎలక్ట్రిక్ వాటర్ హీటర్ అయితే బ్రేకర్ తీసేయండి, ట్యాంకులో నీళ్ళు లేకుండా కరెంటు వస్తే లోపలి ఎలిమెంట్ కాలిపోతుంది. గ్యాస్ హీటర్ అయితే దాని నాబ్‌ని 'పైలట్' (చిన్న మంట) గుర్తుకి తిప్పండి. బయటి గోడకు బిగించిన ట్యాంక్‌లెస్ హీటర్‌కి (నీళ్ళు నిలవ ఉంచకుండా అప్పటికప్పుడు కాచేది) గడ్డకట్టకుండా ఆపే ఏర్పాటు కరెంటు మీదే నడుస్తుంది, కాబట్టి దాన్నీ ఖాళీ చేయాలి. స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్ళు పంపు, ఫిల్టర్ల డ్రెయిన్ ప్లగ్గులు తీయాలి.

ఇల్లు మరీ చల్లబడితే పంతం వద్దు. కరెంటు ఉన్న స్నేహితుల ఇంటికి, రోడ్డు బాగుంటేనే, వెళ్ళండి. దగ్గర్లో వెచ్చని షెల్టర్ ఎక్కడుందో 211కి ఫోన్ చేస్తే చెబుతారు.

7. కరెంటు వచ్చాక

అన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. హీటింగ్ ముందు, మిగతావి కాసేపాగి ఒక్కొక్కటిగా. నీళ్ళు తెరిచేటప్పుడు ఇద్దరు ఉండాలి: ఒకరు వాల్వు దగ్గర, ఒకరు ఇంట్లో. కొద్దికొద్దిగా తిప్పండి. లోపలివాళ్ళు సీలింగ్ మీద మరకలు చూడాలి, గోడల్లో బుస్సుమనే శబ్దం వస్తోందేమో వినాలి. పగిలిన పైపు గడ్డకట్టినంతసేపూ నోరు మెదపదు, కరిగినప్పుడే బయటపడుతుంది. గడ్డకట్టిన పైపుని హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపు నుంచి వెచ్చబెట్టండి, మంట పెట్టకండి.

ఊళ్ళో నీళ్ళు కాచి తాగమని నోటీసు ఉంటే, నీళ్ళు మరగడం మొదలయ్యాక రెండు నిమిషాల పాటు బాగా మరిగించాలి. ఫ్రిజ్‌లోని ఫిల్టర్, జగ్గు ఫిల్టర్ దానికి బదులు కావు. నోటీసు ఎత్తేశాక ఐసు మెషీన్‌లోని ఐసు పారబోసి, ఫిల్టర్లు మార్చండి.

నష్టం జరిగితే, తడిసిన కార్పెట్ పీకి బయట పడేయకముందే ఫొటోలు, వీడియోలు తీసి, ఒక ముక్క కోసి దాచి ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పండి. పగిలిన పైపు ముక్కని కూడా ప్లంబర్ పట్టుకుపోకుండా అడిగి ఉంచుకోండి. అద్దెకు ఉండేవాళ్ళ సామాన్లకు ఇంటి ఓనరు ఇన్సూరెన్స్ వర్తించదు, రెంటర్స్ పాలసీ విడిగా ఉండాలి. అది హోటల్ ఖర్చు ఇస్తుందో లేదో తుఫాను రాకముందే చదివి చూసుకోండి.