108లో ఈఎంటీగా చేరాలంటే: ఏం చదవాలి, ఎంతవరకు చేయొచ్చు

బైపీసీ అయిపోయి, నీట్‌లో ర్యాంకు రాక, "ఏదో ఒక పారామెడికల్ కోర్సులో చేర్పించండి" అని ఇంట్లో ఎవరో అనగానే చాలామంది తొందరపడి ఫీజు కట్టేస్తారు. ల్యాబ్ టెక్నీషియన్, డయాలసిస్, ఎక్స్‌రే అన్నీ మంచి కోర్సులే గానీ, అంబులెన్సులో పేషెంట్ పక్కన కూర్చునే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) పని వాటిలో నేర్పరు. దానికి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో డిగ్రీయో డిప్లొమానో కావాలి. ఇంకో దారి ఉంది: బీఎస్సీ లైఫ్ సైన్సెస్, నర్సింగ్, ఫార్మసీ లాంటివి చదివి 108 నోటిఫికేషన్ పడ్డప్పుడు అప్లై చేయడం, సెలెక్ట్ అయ్యాక ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పటి నుంచి చాలామంది ఇలాగే వచ్చారు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూసి మోసపోకండి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం ఈ వృత్తిని కూడా జాబితాలో చేర్చింది, అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధిలో కనీసం 2000 గంటల చదువు ఉండాలని చెప్పింది. కాబట్టి "మూడు నెలల్లో పారామెడిక్" అనే పాంప్లెట్ చూస్తే పక్కన పడేయండి. క్యాజువాలిటీలో ఎన్ని నెలలు వేస్తారు, లేబర్ రూమ్ పోస్టింగ్ ఉందా, అంబులెన్సు ఎక్కిస్తారా, ఈ మూడూ సీనియర్లనే అడగండి, ఆఫీసులో కాదు. బొమ్మ మీద సీపీఆర్, అంటే ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కడం, అందరూ బాగానే చేస్తారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలని నోటికి వచ్చేసి ఉంటుంది, కానీ గతుకుల రోడ్డు మీద కదిలే బండిలో, పైలట్ (108లో డ్రైవర్‌ని అలాగే అంటారు) స్టీరింగ్ దగ్గర ఉంటే వెనక మీరొక్కరే, అప్పుడు ఆ లెక్క నిలబడాలంటే చేతులకు చాలా అలవాటు ఉండాలి.

ఇక ఎంతవరకు చేయొచ్చు అన్నది. గాలి అందేలా దారి క్లియర్ చేయడం, నోట్లో చేరిన కఫం, రక్తం లాగేసే సక్షన్, ఆక్సిజన్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్, సీపీఆర్, రక్తం ఆపడం, విరిగిన ఎముకకు స్ప్లింట్, మెడకు కాలర్, బండిలో కాన్పు వస్తే బిడ్డను అందుకుని తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టడం, ఇవన్నీ మీ పనులే, ఎవరి పర్మిషన్ కోసమూ ఆగక్కర్లేదు. మందుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాల్ సెంటర్లో ఉండే డాక్టర్‌కి, అంటే ఈఆర్‌సీపీకి ఫోన్ చేసి ఆర్డర్ తీసుకోవాలి. ఛాతీ నొప్పికి ఆస్ప్రిన్ ఇవ్వాలన్నా అంతే.

ఒక కేసు ఊహించుకోండి. రోడ్డు పక్కన నలభై ఏళ్ల మనిషి, చెమటలు పట్టి, మాట తడబడి, మీరు చేరేసరికి పిలిచినా పలకడం లేదు. చుట్టూ జనం "తాగి పడిపోయాడు సార్" అంటారు. నిజంగా వాసన వచ్చినా సరే, వేలు పొడిచి షుగర్ చూడాల్సిందే. రీడింగ్ 38 వచ్చిందనుకోండి, అంటే షుగర్ బాగా పడిపోయింది, స్పృహ లేని మనిషి నోట్లో గ్లూకోజ్ నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, జనం ఎంత గొడవ చేసినా పోయనివ్వకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఐవీ లైన్ పెట్టి, డాక్టర్‌కి ఫోన్‌లో వయసు, రీడింగ్, పల్స్, బీపీ వరసగా చెప్పి, డెక్స్‌ట్రోస్ (నరంలోకి ఎక్కించే గ్లూకోజ్) ఆర్డర్ తీసుకుని ఎక్కించాలి, తర్వాత మళ్లీ షుగర్ చూడాలి. కొద్దిసేపట్లో లేచి కూర్చుని "నాకేం కాలేదు, ఇంటికెళ్తా" అంటాడు చూడండి, అక్కడ వదిలేయకూడదు. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ మళ్లీ పడిపోవచ్చు, హాస్పిటల్‌కి ఒప్పించడం కూడా మీ డ్యూటీలో భాగమే.

"ప్రాణం ఉందా లేదా చెప్పండి" అని బంధువులు గట్టిగా నిలదీస్తారు. మరణం నిర్ధారించేది డాక్టరే, మీరు కాదు. ఏం చేస్తున్నారో అది చెప్పండి, చాలు. కొన్ని ప్రైవేటు హాస్పిటళ్లలో తక్కువ జీతానికి ఈఎంటీని పెట్టుకుని డాక్టర్ లేనప్పుడు గొంతులోకి ఊపిరి ట్యూబు వేయమనడం, ఇంజెక్షన్లు రాయమనడం కూడా ఉంది. అలాంటి చోట అనుభవం వస్తుందని ఆశపడకండి, తేడా వస్తే కేసు మీ మీదకే వస్తుంది.

పీసీఆర్, అంటే పేషెంట్‌కి ఏం చేశారో రాసే రికార్డు, మాత్రం చేతికి బద్ధకం లేకుండా రాయండి. సీన్‌కి చేరిన టైమ్, ప్రతిసారీ చూసిన వైటల్స్ (పల్స్, బీపీ లాంటివి), ఏ టైమ్‌కి ఏ డాక్టర్ ఏ మందు చెప్పారు, హాస్పిటల్లో ఎవరికి అప్పగించారు. యాక్సిడెంట్ కేసుల్లో ఏడాది తర్వాత కోర్టు నుంచి పిలుపు వస్తే మీ దగ్గర మిగిలేది ఆ కాగితమే.

గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు డిగ్రీ దారిలోనే రండి. అమెరికాలో ఈఎంటీ వేరు, పారామెడిక్ వేరు, ఇక్కడి అనుభవం చూపించి నేరుగా చేరడం కుదరదు. దుబాయ్‌లో సర్టిఫికెట్లు కాలేజీ దాకా వెళ్లి వెరిఫై చేస్తారు, కాబట్టి మార్కుల మెమోలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఉద్యోగం మానేటప్పుడే తీసి పెట్టుకోండి, తర్వాత తిరగడం చాలా కష్టం.