నచ్చిన పుస్తకం పక్కవాళ్ళతో చదివించడం ఎలా (వాళ్ళు మనల్ని చూసి పారిపోకుండా)

నాకు పిచ్చిగా నచ్చిన ఒక ఆరొందల పేజీల నవలని మా ఆఫీసులో ఒకాయనకి ఇచ్చాను, ఇచ్చేవాడిని ఊరుకోకుండా "ఇది చదవకపోతే జీవితం వేస్ట్ అండీ" అని కూడా అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు ఆయన నేను లిఫ్ట్ దగ్గర కనిపిస్తే చాలు మెట్లెక్కి వెళ్ళిపోయేవాడు. నేను అడిగింది కూడా పెద్దగా ఏం లేదు, కనిపించినప్పుడల్లా "ఎంతవరకు వచ్చింది?" అనడమే. అప్పు ఇచ్చినవాడు అడిగినట్టు ఉండేదట, తర్వాత ఆయనే చెప్పాడు.

అప్పటినుంచి చాలా పుస్తకాలు ఇచ్చాను, కొన్ని పోయాయి, కొన్ని చదవబడ్డాయి, ఒకటి రెండు నాకంటే వాళ్ళకే ఎక్కువ నచ్చాయి. ఏది పనిచేసిందో ఏది చేయలేదో ఇక్కడ రాస్తున్నా.

ముందు మీరు చదువుతూ ఉండాలి

ఇది చెప్పాలా అనిపిస్తుంది కానీ చెప్పాలి. పదేళ్ళ కింద చదివిన నాలుగు పుస్తకాల పేర్లే ఇప్పటికీ అందరికీ చెప్తూ తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ కొన్నాళ్ళు అదే బాపతు. నిన్న రాత్రి చదివిన దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతులో ఉండే ఊపు వేరు, ఎదుటివాళ్ళకి అంటుకునేది అదే.

టైం లేదు అంటారా, ఒక చిన్న లెక్క చూడండి. మనసులో చదువుకునే స్పీడ్ మీద వచ్చిన పాత పరిశోధనలన్నీ కలిపి 2019లో ఒక పెద్ద విశ్లేషణ చేశారు, ఇంగ్లీష్ చదివే పెద్దవాళ్ళు సగటున నిమిషానికి 238 పదాలు చదువుతారని తేలింది, అదీ కథలు కాకుండా మామూలు వ్యాసాల్లాంటివి. రోజుకి పదిహేను నిమిషాలు అంటే 3,500 పదాలు దాటుతుంది. 80,000 పదాల పుస్తకం మూడు వారాల పైచిలుకులో అయిపోతుంది, ఏడాదికి పదహారు పుస్తకాలు. తెలుగులో ఒక్కో పదం రైలు పెట్టెల్లా అతుక్కుని ఉంటుంది కాబట్టి ఈ లెక్క అచ్చంగా సరిపోదు, మీ లెక్క మీరే తీసుకోండి, ఫోన్లో పదిహేను నిమిషాలు టైమర్ పెట్టి ఎన్ని పేజీలు అయ్యాయో చూస్తే తెలిసిపోతుంది. నాకైతే పది పన్నెండు వస్తాయి, నిద్రమత్తులో ఉంటే ఆరు.

ఆ పదిహేను నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయి అంటే, ఫోన్ చార్జింగ్ పెట్టే చోట పుస్తకం పెట్టండి, పుస్తకం ఉండే చోట చార్జర్ పెట్టండి. నవ్వకండి, నాకు పనిచేసిన ఒకే ఒక్క ట్రిక్ ఇదే. చెయ్యి అలవాటుగా అటు వెళ్తుంది, దొరికింది తీసుకుంటుంది.

ఇంకోటి, నచ్చని పుస్తకాన్ని పట్టుకుని వేలాడొద్దు. నాన్సీ పెర్ల్ అని అమెరికాలో ఒక పేరున్న లైబ్రేరియన్ ఉన్నారు, ఆవిడ సూత్రం భలే ఉంటుంది: యాభై పేజీలు చదివి చూడండి, పట్టుకోకపోతే పక్కన పెట్టేయండి. మీ వయసు యాభై దాటితే వందలోంచి వయసు తీసేయండి, మిగిలినన్ని పేజీలు చాలు. అంటే డెబ్భై ఏళ్ళవాళ్ళు ముప్పై పేజీలకే లేచిపోవచ్చు, వందేళ్ళు వస్తే అట్ట చూసే తీర్పు ఇచ్చేయొచ్చు. ఈ సూత్రం మీరు పాటించడమే కాదు, పుస్తకం ఇచ్చేటప్పుడు అవతలివాళ్ళకి కూడా చెప్పండి. "నచ్చకపోతే యాభై పేజీల్లో ఆపెయ్, నేనేం అనుకోను" అంటే మోయాల్సిన బరువు సగం దిగిపోతుంది, మొదలుపెట్టే అవకాశం అప్పుడే ఎక్కువ.

ఎవరికి ఏది

అసలు పని ఇక్కడే ఉంది. నాకు నచ్చింది కాబట్టి నీకూ నచ్చాలి అనేదే మనందరి జబ్బు. లైబ్రరీ శాస్త్రంలో పెద్ద పేరు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పారు, అందులో రెండు మనకి చాలు: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం ఒకటి ఉంటుంది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఒకడు ఉంటాడు. అంటే చదవనివాడు అనే మనిషి లేడు, వాడికి తగిన పుస్తకం ఇంకా చేతికి రాలేదు అంతే (ఇది నా వ్యాఖ్యానం, ఆయన ఇంత ధీమాగా అన్నారని నేను అనడం లేదు).

మరి ఎలా పట్టుకోవాలి? "నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడక్కండి, చదివే అలవాటు లేనివాళ్ళకి అది పరీక్షలో ప్రశ్నలా ఉంటుంది, "ఏదైనా పర్లేదు" అంటారు. దాని బదులు ఈమధ్య ఆపకుండా చూసిన సిరీస్ ఏంటి, నిద్ర మానుకుని యూట్యూబ్‌లో వేటి గురించి చూస్తారు, నలుగురు కూర్చుంటే ఏ టాపిక్ రాగానే గొంతు పెరుగుతుంది, ఇవి గమనించండి. హత్య కేసుల వీడియోలు చూసేవాళ్ళకి ప్రకృతి వర్ణనల నవల ఇస్తే తప్పు వాళ్ళది కాదు. క్రికెట్ తప్ప వేరే మాట మాట్లాడని మా బంధువు ఒకతనికి ఒక ఆటగాడి ఆత్మకథ ఇచ్చాను, రెండు రాత్రుల్లో పూర్తి చేసి "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని ఫోన్ చేశాడు. స్కూల్ వదిలాక అతను చదివిన మొదటి పుస్తకం అదేనట.

మొదటిసారి ఇచ్చేది సన్నగా ఉండాలి. వంద, నూట యాభై పేజీలు, లేదా కథల పుస్తకం, అది కూడా మొత్తం కాదు. "ఇందులో నాలుగో కథ ఒక్కటి చదివి చెప్పు, ఇరవై నిమిషాలు పడుతుంది" అనండి, ఆ పేజీలో ఒక కాగితం ముక్క పెట్టి ఇవ్వండి. పుస్తకం చదవమంటే ఎవరికైనా బద్ధకమే, ఒక కథ చదవమంటే కాదనలేరు, ఆ కథ పట్టుకుంటే మిగతావి మీరు చెప్పక్కర్లేదు.

పొగడ్త తగ్గించండి. "అద్భుతం", "మాస్టర్‌పీస్", "కళ్ళు తెరిపిస్తుంది" లాంటివి విన్నాక ఎంత మంచి పుస్తకమైనా చప్పగానే ఉంటుంది. నేనిప్పుడు రెండు వాక్యాలే చెప్తా. ఒకటి పరిస్థితి: "ఒకావిడకి చనిపోయిన తన అక్క రాసిన ఉత్తరం ఇరవై ఏళ్ళ తర్వాత అందుతుంది." రెండోది లోపం: "మొదటి నలభై పేజీలు నత్తనడక, పేర్లు కన్ఫ్యూజ్ చేస్తాయి, కాస్త ఓపిక పట్టు." లోపం మనమే ముందు చెప్పేస్తే విచిత్రంగా నమ్మకం పెరుగుతుంది, నలభై పేజీల దగ్గర ఆగిపోకుండా నెట్టుకొస్తారు కూడా. ఈమధ్యే ఇంట్లో ఎవరో పోయినవాళ్ళకి చావు ఉన్న పుస్తకం ఇచ్చేముందు మాత్రం ఆ ముక్క తప్పకుండా చెప్పండి, సస్పెన్స్ పోతే పోయింది.

అప్పా, గిఫ్టా

"పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః" అన్నారు పెద్దలు, ఆ లిస్టులో ఆడవాళ్ళని ఎందుకు చేర్చారో వాళ్ళనే అడగాలి కానీ పుస్తకం విషయంలో మాత్రం అనుభవంతోనే చెప్పారు. మధ్యయుగపు యూరప్‌లో పుస్తకాలు చేత్తో రాసే లేఖకులు చివర్లో, ఇది దొంగిలించినవాడికి ఫలానా రోగం రావాలి, నరకానికి పోవాలి అని శాపాలు రాసి పెట్టేవాళ్ళు. అంత కష్టపడి రాసినవాళ్ళకి ఆ కోపం న్యాయమే. మనకి శాపాలు అక్కర్లేదు, చెయ్యి దాటే ముందే ఒక నిర్ణయం తీసుకుంటే చాలు: ఇది తిరిగి రాకపోతే బాధపడతానా? పడతాను అంటే ఇవ్వొద్దు. రచయిత సంతకం ఉన్నవి, నాన్నగారి చేతిరాత ఉన్నవి, మళ్ళీ ప్రింట్‌లో దొరకనివి నేను బయటికి పంపను, "ఇది ఇక్కడే కూర్చుని చదువుకోండి" అని మొహమాటం లేకుండా చెప్పేస్తా. మిగతావి మనసులో గిఫ్ట్ అనుకునే ఇస్తా, తిరిగొస్తే బోనస్.

ఇచ్చేటప్పుడు పుస్తకం ఫోటో తీసి వాళ్ళ చాట్‌లోనే పెట్టండి, "ఇదిగో నీ దగ్గరికి వచ్చేసింది" అని. తేదీ దానంతటదే రికార్డ్ అయిపోతుంది, ఆరు నెలల తర్వాత "నా దగ్గర లేదే" అనే గొడవ ఉండదు. తిరిగి అడగాల్సి వస్తే ఒక్కసారి అడగండి, "వేరేవాళ్ళు అడుగుతున్నారు" అని, చదివారా లేదా అనే ప్రశ్న అందులో కలపకుండా.

బయటికి చదవడం

దీన్ని మనం చిన్నపిల్లల పని అనుకుంటాం. పాతకాలంలో పెద్దవాళ్ళు కూడా గొంతెత్తి చదవడం మామూలే, నాలుగో శతాబ్దంలో ఆంబ్రోస్ అనే బిషప్ పెదవి కదపకుండా చదువుతుంటే అగస్టీన్ అనే క్రైస్తవ పండితుడు దాన్ని ప్రత్యేకంగా రాసిపెట్టాడు. ఇంట్లో కళ్ళు సరిగా కనిపించని పెద్దవాళ్ళుంటే రోజూ పది నిమిషాలు చదివి వినిపించండి, మీరు ఇవ్వగలిగిన వాటిలో ఇంతకంటే చవకది, ఇంతకంటే విలువైనది నాకు తెలీదు. మా అమ్మకి అలా ఒక నవల మూడు నెలలు చదివాను, నేను ఆవలిస్తే "ఆ పిల్ల సంగతి తేలేదాకా నిద్రపోనివ్వను" అనేది. ఆపాల్సింది కూడా అలాంటి చోటే, చాప్టర్ చివర కాదు, తలుపు ఎవరో కొట్టిన దగ్గర.

పిల్లలు ఒకే పుస్తకం నలభై సార్లు చదవమంటారు, చదవండి. అయిపోయాక "ఇందులో నీతి ఏంటి?" అని మాత్రం అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో కథ కాస్తా పాఠం అయిపోతుంది.

గుంపు పెట్టాలనుకుంటే

నలుగురైదుగురు చాలు, పదిమంది అయితే ఇద్దరు మాట్లాడతారు మిగతావాళ్ళు ఫోన్ చూసుకుంటారు. నెలకో పుస్తకం అని మొదలుపెట్టిన గ్రూపులు నేను చూసినంతలో మూడో నెలకి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లకి మారిపోయాయి, ఆరు వారాలకి ఒకటి పెట్టుకోండి. అదీ కష్టమైతే ఇంకో పద్ధతి ఉంది, 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టారు: ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకుంటారు, ఒకచోట కూర్చుని గంటసేపు మాట్లాడకుండా చదువుకుంటారు, తర్వాత ఇష్టమైతే కబుర్లు లేకపోతే లేదు. హోంవర్క్ లేదు, చదవలేదని సాకులు చెప్పే పని లేదు. సైలెంట్ బుక్ క్లబ్ అంటారు. మేం ముగ్గురం ప్రయత్నించాం, మొదటి పది నిమిషాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం, తర్వాత గంట ఎలా గడిచిందో తెలీలేదు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇవ్వాలంటే బుక్‌క్రాసింగ్ అనే వెబ్‌సైట్ ఉంది, 2001 నుంచి నడుస్తోంది. పుస్తకానికి ఒక నంబర్ తీసుకుని లేబుల్ అంటించి ఎక్కడో వదిలేస్తారు, దొరికినవాళ్ళు ఆ సైట్‌లో నంబర్ కొడితే అది ఎక్కడెక్కడ తిరిగిందో తెలుస్తుంది. లేదంటే గేటు దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టొచ్చు, 2009లో అమెరికాలో టాడ్ బోల్ అనే ఆయన టీచర్‌గా పనిచేసిన తన తల్లి గుర్తుగా బడి ఆకారంలో ఒకటి చేసి ఇంటి ముందు పెడితే అదే లిటిల్ ఫ్రీ లైబ్రరీ అయి ప్రపంచమంతా పాకింది. పెడితే వాన పడని పెట్టె పెట్టండి, పాత గైడ్లు, టెలిఫోన్ డైరెక్టరీలు దులిపి అందులో పోయకండి, అది పంచుకోవడం కాదు ఇల్లు ఖాళీ చేసుకోవడం.

పీడీఎఫ్‌ల సంగతి ఒక్క మాట. ఇంకా కాపీరైట్‌లో ఉన్న పుస్తకం స్కాన్ చేసి గ్రూపుల్లో తోస్తే రచయిత నోటి దగ్గర కూడు తీసినట్టే, పైగా ఫార్వర్డ్ అయిన పీడీఎఫ్ ఎవరూ చదవరు, సేవ్ చేసుకుంటారు. కాపీరైట్ తీరినవి హాయిగా పంపండి, 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే డిజిటల్ లైబ్రరీలో అలాంటివి వేలకి వేలు ఉచితంగా ఉన్నాయి.

ఇక ఆ ఆఫీసాయన. ఆరునెలల తర్వాత నవల తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, "బాగుందండీ" అన్నాడు. తెరిచి చూస్తే 43వ పేజీలో బస్ టికెట్ ఉంది. నేనేం అనలేదు, టికెట్ తీయలేదు కూడా. తర్వాత అదే పుస్తకం మా చెల్లెలికి ఇచ్చాను, వారం తర్వాత ఫోన్ చేసి అది అడిగిన మొదటి ప్రశ్న: "ఒరే అన్నయ్యా, 43 దగ్గర ఎవడు ఆపేశాడ్రా, అసలు కథ 45లో మొదలవుతుంది కదా!"